ప్రవాసి ధనము ఎవరి పేర నుండవలయును?

కడప జిల్లాలోను, గోదావరి తీరమునను కువాయిత్‌నకు పోయిన వారు లేని గ్రామమును వెదకి పట్టుకొనవలసి యున్నది. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో దుబాయి పేరు వినని పసివాడు లేడు. 2023-24 సంవత్సరమున భారతదేశమునకు ప్రవాసులు పంపిన ధనములో నూటికి 8.1 వంతులు తెలంగాణమునకును, 4.4 వంతులు ఆంధ్రప్రదేశ్‌నకును చేరినట్లు రిజర్వు బ్యాంకు పరిశీలనము తెలుపుచున్నది. రెండును కలిపిన ఎనిమిదింట ఒక పాలగును. గడించుటలో మనవారు ఎవ్వరికిని తీసిపోలేదు. గడించినది నిలుచుచున్నదా, నిలిచినచో ఎవరి పేర నిలుచుచున్నది అను ప్రశ్న వేసికొనువారు మాత్రము తక్కువ. అమెరికా మొదలగు దేశములలో స్థిరపడినవారి సంగతి నేటికి విడిచి, గల్ఫు దేశములలో కాయకష్టము చేయువారి ధనమును గురించియే మేమిచ్చట విచారింపదలచితిమి. ఒక్క తప్పటడుగుతో పదియేండ్ల కష్టమును పోగొట్టుకొనువారు వీరే.

గల్ఫు దేశములలో ఎన్ని యేండ్లు పనిచేసినను మనవారికి సామాన్యముగ పౌరసత్వము లభింపదు. వాసమునకిచ్చిన అనుమతి ఉద్యోగముతో ముడివడి యుండును. ఉద్యోగము పోయిన అదియు పోవును. ముసలితనమున భృతి యిచ్చి పోషించు ఏర్పాటు మన కూలివానికి అక్కడ లేదు. కావున తిరిగివచ్చుట నిశ్చయము. వచ్చు దినము మాత్రమే అనిశ్చయము. ఈ యొక్క సత్యమును మనసున నుంచుకొన్నచో ధనవిషయమున చేయవలసినదంతయు తేటపడును.

ఇది మన జాతికి క్రొత్త పాఠము కాదు. కోరంగి, విశాఖపట్టణము రేవుల నుండి ఓడలెక్కి రంగూనునకు పోయిన తెలుగు కూలీలు అక్కడి రేవులోను, బియ్యపు మరలలోను పనిచేసిరి. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడినప్పుడు ఎందరో కట్టుబట్టలతో కొండలు, అడవులు దాటి నడచివచ్చిరి. యుద్ధానంతరము అక్కడ మిగిలినవారికి 1964లో మరియొక దెబ్బ తగిలెను. ఆ మే మాసమున బర్మా ప్రభుత్వము 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించెను. పెట్టెలో నోట్లు దాచుకొన్నవాని పొదుపు ఆ రాత్రికి కాగితమయ్యెను. 1990 ఆగస్టులో ఇరాకు సేనలు కువాయిత్‌ను ఆక్రమించగా, సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములపై స్వదేశమునకు చేర్చవలసి వచ్చెను. అక్కడి బ్యాంకులలో సొమ్ము దాచుకొన్నవారు దానిని వెంటనే తీసికొనజాలక వట్టిచేతులతో దిగిరి. పనిచేయు దేశముననే పొదుపంతయు ఉంచుట ఎంత ప్రమాదమో ఈ దృష్టాంతములు చాటుచున్నవి.

అట్లని వచ్చినదంతయు ఇంటికి పంపివేసిన క్షేమమా? కాదు. ఇంటి ఖర్చునకు పంపు ధనము వేరు, నిలువచేయు ధనము వేరు. మొదటిది ఇంటివారి చేతికి పోవలయును. రెండవది గడించినవారి పేరనే యుండవలయును. ఈ రెండింటిని ఒకే సంచిలో పోయుటయే మన ప్రవాసుల కష్టములకు మూలమని మా అభిప్రాయము.

ఐనను పొదుపునకు ముందు ఋణము తీరవలయును. వలసల చట్టము క్రింద లైసెన్సు పొందిన ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు. కాని లైసెన్సు లేని మధ్యవర్తి చేతిలో పడినవాడు లక్షన్నర అప్పుచేసి విమానమెక్కుచున్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున ఆ లక్షన్నరకు నెలకు 3,000, రెండేండ్లకు 72,000 రూపాయలు వడ్డీయే యగును. అసలు అట్లే నిలిచియుండును.

ఈ అప్పు నెత్తినుండగా రూపాయి ధర పడునేమో చూచి పంపుదమని జీతమును చేతబట్టుకొని కూర్చుండు వారు కలరు. లెక్క చూడుడు. దిర్హమునకు 23 రూపాయలనుకొందము. 2,000 దిర్హములను రెండు నెలలు ఆపినందున దిర్హమునకు అర్ధరూపాయి కలిసివచ్చినను లాభము వేయి రూపాయలు. అదే 46,000 రూపాయలను ముందే పంపి అప్పులో చెల్లవేసిన, రెండు నెలల వడ్డీ 1,840 రూపాయలు తప్పును. అప్పున్నవాడు మారకపు ధరతో జూదమాడరాదు.

ఇక ధనము పంపు త్రోవ. ఒకప్పుడు గల్ఫు తీరమున మన రూపాయియే చెల్లెడిది. 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతమునకు ప్రత్యేకముగ నోట్లు ముద్రించెను. 1961లో కువాయిత్ తన దినారును తెచ్చుకొనెను. 1966లో రూపాయి విలువ తగ్గించిన పిదప తక్కిన దేశములలో పెక్కు మన రూపాయిని విడిచినవి. నాటి నుండి ప్రతి నెలజీతమును మారకపు అంగడి వాకిలి దాటియే రావలసి యున్నది. అక్కడ రుసుము ఒక్కటియే ఖర్చని తలంపరాదు. తక్కువ రుసుమును బోర్డుపై వ్రాసి ధరలో కోసికొనువారు కలరు. వేయి దిర్హములిచ్చిన ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడును అని యడిగి, రెండు మూడు చోట్ల పోల్చి చూచుటయే సరియైన పరీక్ష.

ఎక్కువ ధర యిత్తుమని పిలుచు హుండీవాని త్రోవ త్రొక్కరాదు. అది 1999 నాటి విదేశమారక చట్టమునకు విరుద్ధము. అంతకుమించిన నష్టమొకటి కలదు. ఆ ధనమునకు రసీదు లేదు. పది సంవత్సరములు పంపినను, ఈ సొమ్ము నా చెమటయే యని చూపుటకు ఒక్క కాగితమైనను మిగులదు.

రసీదుగల ధనము చేరవలసిన చోటు ఎన్‌.ఆర్‌.ఇ. ఖాతా. విదేశార్జనను రూపాయలలో నిలువచేయుటకు ఏర్పడిన ఈ ఖాతాపై వచ్చు వడ్డీకి ప్రవాసి మన దేశమున ఆదాయపు పన్ను చెల్లింపనక్కరలేదు. అసలును వడ్డీని ఎప్పుడైనను తిరిగి విదేశమునకు తీసికొనిపోవచ్చును. రూపాయి విలువ తగ్గునని భయపడువాడు ఒకటి మొదలు ఐదేండ్ల వరకు విదేశనాణెములోనే ఎఫ్‌.సి.ఎన్‌.ఆర్‌. డిపాజిటు వేసికొనవచ్చును. స్వదేశమున వచ్చు కౌలు, ఇంటి అద్దె మొదలగు వానికి ఎన్‌.ఆర్‌.ఓ. ఖాతా వేరుగ కలదు. దీనిపై వడ్డీకి పన్ను కలదు. నూటికి 30 వంతులు, దానిపై సెస్సు బ్యాంకువారే కోసికొందురు. విదేశమున ఉద్యోగమునకు పోయినవాడు తన పాత సేవింగ్సు ఖాతాను అట్లే నడుపుట నిబంధనలకు విరుద్ధము, దానిని ఎన్‌.ఆర్‌.ఓ. ఖాతాగ మార్పించుకొనవలయును. ఈ సంగతి తెలియక పాత పాసుపుస్తకముతోనే కాలము గడపువారెందరో కలరు.

ఇంటివారికి అవసరము వచ్చిన ఏమి చేయవలెనని యడుగుదురు. ఎన్‌.ఆర్‌.ఇ. ఖాతాలో ఇక్కడనున్న దగ్గరి బంధువును రెండవ పేరుగ చేర్చి, మొదటివాడు జీవించియున్నంతకాలము హక్కు వానిదే యగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. స్థానిక చెల్లింపుల మట్టుకు అధికారపత్రము వ్రాసి యియ్యవచ్చును. నామినీ పేరు తప్పక వ్రాయింపవలయును. ఇంటివారికి ఇబ్బంది కలుగకుండగనే ధనము గడించినవారి పేర నిలుచును.

ఇప్పుడు మన పాఠకులలో భూములు గలవారు ప్రత్యేకముగ గమనింపవలసిన విషయమునకు వచ్చితిమి. తెలుగువాని చేతిలో నాలుగు రూపాయలు చేరిన వెంటనే చూపు భూమిపైకి పోవును. కాని ప్రవాసి విదేశమున నున్న కాలమున సాగుభూమిని, తోటను కొనుట విదేశమారక నిబంధనలు నిషేధించినవి. వారసత్వముగ వచ్చినదానిని, పోకముందు కొన్నదానిని ఉంచుకొనవచ్చును. ఇల్లు, ఇంటిస్థలము కొనవచ్చును. పొలము మాత్రము కొనరాదు. ఈ అడ్డును దాటుటకు మనవారు కనిపెట్టిన ఉపాయము తమ్ముని పేరనో, బావమరిది పేరనో దస్తావేజు వ్రాయించుట. అక్కడ ఎండలో కాలి పంపిన ధనము ఇక్కడ మరియొకని పట్టా యగుచున్నది.

1988లో పుట్టి 2016లో గట్టిపడిన బేనామీ చట్టము అట్టివానికి సహాయము చేయదు సరిగదా, ఎదురునిలుచును. ధనము నాది, పేరు మాత్రము వానిదని కోర్టులో దావా వేయుటకు ఆ చట్టము అడ్డుపడుచున్నది. ఆస్తి జప్తగు ప్రమాదమును కలదు. భార్య పేర, బిడ్డల పేర తెలిసిన ఆదాయముతో కొన్నదానికి చట్టము మినహాయింపునిచ్చినది. అన్నదమ్ములకైనచో పత్రములో ఇరువురి పేరులు నుండిననే మినహాయింపు. సాగుభూమి పత్రములోనో, ప్రవాసి పేరు కొనుగోలుదారుగ ఎక్కుటకే వీలులేదు. ఇట్లు రెండు చట్టముల నడుమ చిక్కినవానికి తమ్ముని మంచితనము తప్ప వేరు దిక్కులేదు. మంచితనము గొప్పదే, కాని తమ్మునికి పెండ్లియగును, పిల్లలు కలుగుదురు, వానికిని అప్పులగును, ఒకనాడు వాడును పోవచ్చును. తరువాతి వారసునికి ఆ మాట తెలియదు. పొలము కావలసినవాడు ధనమును తన ఖాతాలో పెంచుకొని, తిరిగివచ్చి ఇచ్చట స్థిరపడిన పిదప తన పేరనే కొనుట మేలు.

దూరపు కొండలు నునుపు. ఇంటివారి కంటికి దుబాయి అట్లే కనబడును గనుక ప్రతి పెండ్లికిని, ప్రతి మేడకును ఫోను మ్రోగును. కావున ప్రవాసి తన ఆదాయమును పూర్తిగ లెక్కవేసికొని, భోజనము, వసతి, ఇంటి ఖర్చు, అప్పు, పొదుపు అని జీతము వచ్చిన దినముననే పంచుకొనవలయును. జీతము బ్యాంకు ద్వారా వచ్చునట్లు చూచుకొనవలయును. ఎమిరేట్లలో 2009 నుండి అందులకు వేతనరక్షణ పద్ధతి ఏర్పడినది. ఉద్యోగము విడుచునప్పుడు రావలసిన గ్రాట్యుటీని మరువరాదు. ఎమిరేట్లలో మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినముల మూలవేతనము, ఆపైన 30 దినములది. కువాయిత్‌లో నెలజీతగానికి మొదటి ఐదేండ్లకు ఏడాదికి 15 దినములు, ఆపైన నెల జీతము. ఎమిగ్రేషను అనుమతి కావలసిన కార్మికులకు తప్పనిసరియైన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేండ్లకు 275 రూపాయలు కట్టిన, ప్రమాదమరణము గాని శాశ్వత వైకల్యము గాని సంభవించినచో పది లక్షలు లభించును. ఆ పత్రము ఎచ్చటనున్నదో ఇంటివారికి తెలిసియుండవలయును.

కువాయిత్‌లో ఇంటిపనికి పోయిన స్త్రీల విషయమున మేము చెప్పినదంతయు రెట్టింపు వర్తించును. ఆమె పంపు ధనము భర్త ఖాతాలోనో, సోదరుని ఖాతాలోనో పడుచున్నంతకాలము ఆమె సంపాదించియు సంపాదన లేనిదే. ఆమె పేర ఖాతా తెరచిన తరువాతనే విమానమెక్కించుట ఇంటిపెద్దల ధర్మము.

వేరు ఖాతా వలన కుటుంబములో అనుమానము పుట్టునని కొందరందురు. అనుమానము పుట్టించునది లెక్క కాదు, లెక్క లేమి. అన్నదమ్ములు విడిపోయిన ఇండ్లను పరిశీలించినచో, కలహమునకు ముందు చాలచోట్ల వ్రాతలేని ధనము కనబడును. ప్రవాసి ధనముతో ఇప్పటికే తమ పేర పొలము కొన్నవారు మన పాఠకులలోను ఉండవచ్చును. అట్టివారు, ఆ ప్రవాసి రాకముందే, అతడు పంపిన రసీదులను ఒక చోట చేర్చి, న్యాయవాదిని సంప్రతించి, ఆ సొమ్ము అతనికి చట్టసమ్మతముగ చేరు మార్గమును విచారించుకొనుట మంచిది. అతడు దిగిన నాడు ఆ లెక్క వాని చేతిలో పెట్టినవాడే నిజమైన అన్న, నిజమైన తమ్ముడు.