శబ్దం ఆగితే రోగం కుదిరినట్లేనా?

జ్వరం వచ్చిన బిడ్డకు మాత్ర వేసి, ఒళ్ళు చల్లబడగానే నిశ్చింతగా నిద్రపోయే తల్లిదండ్రులను చూస్తుంటాము. జ్వరం తగ్గినది; దాని కారణం తొలగినదా అని విచారించవలసినది అప్పుడే. యంత్రాల విషయంలోనూ మనం తరచుగా ఈ పొరపాటే చేస్తుంటాము.

ఢిల్లీని ఆనుకొని గాజియాబాద్ జిల్లాలో ఇందిరాపురం ఉన్నది. అక్కడ మా పొరుగున ఉండే తెలుగు మిత్రుడొకరు ఎంతో ముచ్చటపడి, టర్బో అమర్చిన వేగవంతమైన పెట్రోలు కారును కొన్నారు. రెండవ వేసవిలో, ఫ్లైఓవరు ఎక్కినప్పుడల్లా ఇంజనులోనుండి రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు సన్నని చప్పుడు రాసాగినది. మెకానిక్కు విని, అది నాకింగ్ అనీ, ఖరీదైన పెట్రోలు పోయించమనీ చెప్పినాడు. వారం తిరగకుండా చప్పుడు మాయమైనది. "రోగం కుదిరింది మాస్టారూ!" అని మిత్రుడు సంతోషించారు. బండిలో మునుపటి ఊపు లేదని, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతున్నదని మాటవరుసకు అన్నారు గానీ, అది ఎండల ప్రభావమని సరిపెట్టుకున్నారు.

జూలైలో ఒకనాడు ఆయన తల్లిగారిని కూర్చోబెట్టుకొని మీరట్‌కు బయలుదేరారు. ఎక్స్‌ప్రెస్‌వే మీద, పై గేరులోనే యాక్సిలరేటరును అడుగుదాకా తొక్కి ఒక లారీని దాటబోయారు. ఇంజను ఒక్కసారి బలంగా కొట్టుకొని, శక్తి కోల్పోయి, నీలిపొగ కక్కినది. వెనుక వాహనాలు దూసుకువస్తుండగా బండిని అతికష్టం మీద పక్కకు తీయగలిగారు. తరువాత విప్పి చూడగా, ఒక పిస్టనుకు రింగులు నిలిచే గట్టు విరిగి ఉన్నది.

ఇంతకూ నాకింగ్ అనగా ఏమిటి? పొలంలో ఎండుగడ్డికి ఒక చివర నిప్పు పెడితే మంట వరుసగా ముందుకు సాగుతుంది. సిలిండరులోనూ స్పార్కు ప్లగ్గు రాజేసిన మంట అలాగే క్రమంగా వ్యాపించి పిస్టనును నెట్టవలెను. అలా కాక, మంట చేరకముందే దూరపు మూలన మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంత తానే భగ్గున అంటుకుంటే ఒత్తిడి తరంగాలు పుట్టి గోడలను కొడతాయి. సెకనుకు ఆరేడువేల సార్లు కలిగే ఆ కంపనమే మనకు గులకరాళ్ళ చప్పుడుగా వినిపిస్తుంది. దానివల్ల పిస్టను మీద కవచంలా ఉండే పలుచని వాయుపొర చెదిరి, వేడి నేరుగా లోహానికి తగులుతుంది.

టర్బో ఉన్న ఇంజనుకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవారికి ఇది తెలిసినదే. టర్బో కుదించిన వేడి గాలిని చల్లార్చి లోపలికి పంపడానికే ఇంటర్‌కూలరు అనే జాలీ ఉన్నది.

నాకింగ్‌ను అణచే ప్రయత్నాలు శతాబ్దం నాటివి. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఈ చప్పుడు ఆగుతుందని కనుగొన్నాడు. చప్పుడు ఆగినది, కానీ దశాబ్దాలపాటు సీసపు విషం గాలిలో కలిసినది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు అమలులోకి వచ్చినది 2000 ఫిబ్రవరిలో. శబ్దాన్ని అణచడం వేరు, ఆరోగ్యం వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం ఏముంటుంది?

నేటి కార్లలో మరొక చిక్కు ఉన్నది. ఇంజనుకు అమర్చిన నాక్ సెన్సారు, మన చెవికంటె ముందే ఆ కంపనాన్ని పసిగడుతుంది. వెంటనే కంప్యూటరు నిప్పురవ్వను ఆలస్యం చేసి, అవసరమైతే టర్బో ఒత్తిడిని తగ్గిస్తుంది. ఇంజను రక్షణకు ఇది మేలే. కానీ జబ్బు చాటుకు పోతుంది. శక్తి తగ్గడం, మైలేజీ పడిపోవడం మాత్రమే బయటికి కనిపిస్తాయి. మా మిత్రుడు మాటవరుసకు చెప్పిన ఆ రెండు మాటలే అసలైన రోగలక్షణాలు!

కనుక పరీక్ష ఒక వరుసలో జరగవలెను. ముందుగా చప్పుడు ఎప్పుడు వస్తున్నదో గమనించాలి. ఎండలో, బరువు లాగేటప్పుడు, తక్కువ వేగంలో పై గేరులో వస్తే నాకింగ్ అని అనుమానించవచ్చును. చల్లని ఇంజనులో వచ్చి, వేడెక్కగానే పోయేది సాధారణంగా వేరొక చప్పుడు. లోతుగా, దబదబమని ఇంజను వేగంతోపాటు పెరిగేదైతే బేరింగుల దోషం కావచ్చును. తక్షణం ఇంజను ఆపవలెను. వదులైన రేకు కూడా ఇలాగే మోసగించవచ్చును.

తరువాత స్కానరు పెట్టించి, బండి నడుస్తుండగా నిప్పురవ్వ ఎంత ఆలస్యమవుతున్నదో సిలిండరు వారీగా చూడాలి. ఒక్క సిలిండరులోనే అయితే దాని ప్లగ్గు, ఇంజెక్టరు, లోపల పేరుకున్న మసి అనుమానించదగినవి. అన్నింటిలోనూ అయితే ఇంధనం, లోపలికి పోయే గాలి వేడి, కూలెంటు, పెట్రోలు పీడనం చూడాలి. శక్తి కోసం కంప్యూటరు లెక్కలు మార్పించిన బండి అయితే ముందు ఆ మార్పునే శంకించాలి.

20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వల్లనే నాకింగ్ వస్తున్నదని కొందరంటారు. నిజానికి ఇథనాలు నాకింగ్‌ను నిరోధిస్తుంది. మైలేజీ తగ్గడం, పాత బండ్లలో రబ్బరు భాగాలు చెడడం వేరే సంగతులు. ఇక టర్బో ఇంజన్లలో తక్కువ వేగంలో నిప్పురవ్వకు ముందే మిశ్రమం అంటుకునే విపత్తు ఒకటున్నది. నూనె బిందువులు అందుకొక కారణం. అందుచేత తయారీదారు సూచించిన నూనెనే వాడవలెను. పై గేరులో బలంగా తొక్కక, ముందు గేరు తగ్గించవలెను.

మా మిత్రుని కారులో తేలినదేమిటి? ఇంటర్‌కూలరు జాలీ దుమ్ముతో, పురుగులతో మూసుకుపోయి ఉన్నది. దానిని శుభ్రం చేయడం ఒక పూట పని. ఖరీదైన పెట్రోలు ఆ వేడిని కొంతకాలం కప్పిపుచ్చినది, అంతే.

ఇప్పుడాయన మెకానిక్కును "చప్పుడు పోయిందా?" అని అడగడం మానివేశారు. "ఎందుకు వచ్చింది?" అని అడుగుతున్నారు.