సైలెన్సర్‌ మారుస్తున్నారా?

బుల్లెట్టు కొన్న కుర్రాళ్లు చాలామంది మొదటి సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడే మెకానిక్‌ని అడుగుతారు... ‘అన్నా, సైలెన్సర్‌ మార్చాలంటే ఎంతవుతుంది?’ అని. షెడ్డు ముందు రెండుసార్లు రేజ్‌ చేసి, మోత నచ్చితే డబ్బులిచ్చేస్తారు. హైదరాబాద్‌ నుంచి విశాఖ వెళ్లే బండికి ఆ పరీక్ష చాలదు. ఆరొందల కిలోమీటర్ల పైమాట! షెడ్డు దగ్గర ముచ్చటగా ఉన్న మోతే సూర్యాపేట దాటేసరికి తలనొప్పవుతుంది. దూరప్రయాణాల బండికి లెక్కే వేరు.

డబ్బా ఒక్కటేనా... మొత్తమా?

ఇంజిన్‌కి బిగించేది బెండ్‌ పైపు. దాని చివర ఉండేది సైలెన్సర్‌. చివరి డబ్బా ఒక్కటే మారిస్తే ‘స్లిప్‌-ఆన్‌’ అంటారు, బెండ్‌ పైపుతో సహా మారిస్తే ‘ఫుల్‌ సిస్టమ్‌’. రెండోదానికి ఖర్చూ ఎక్కువే, తంటాలూ ఎక్కువే. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 నిబంధనలు వచ్చాక, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్‌ కన్వర్టర్‌, పెట్రోలు పాళ్లు సరిచూసే ఆక్సిజన్‌ సెన్సర్‌ ఈ దారిలోనే ఉంటున్నాయి. కన్వర్టర్‌ కొన్ని బండ్లకి బెండ్‌ పైపులో, కొన్నింటికి డబ్బాలో ఉంటుంది. మీ బండికి ఎక్కడుందో తెలుసుకోకుండా స్పానర్‌ పట్టనివ్వకండి.

మోత పెరిగితే పికప్‌ పెరుగుతుందన్నది భ్రమ. డబ్బా ఒక్కటే మారిస్తే వచ్చే లాభం స్వల్పం, అదీ ఇంజిన్‌ని బాగా పరుగెత్తించినప్పుడే. యాక్సిలరేటర్‌ వదలగానే వినిపించే టపటపలు చాలామందికి సరదా. నిజానికి కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్‌లో అంటుకుంటోందని దానర్థం.

కాస్త బరువు తగ్గడం మాత్రం నిజమైన లాభమే. టైటానియం ఉక్కు కంటే దాదాపు 40 శాతం తేలిక. ధర మాత్రం బరువే! ఇంటర్‌సెప్టర్‌ 650 లాంటి బండికైతే రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. జతగానే కొనాలి.

శబ్దం లెక్క ఇదీ

మన నిబంధనల ప్రకారం 175 సీసీ దాటిన మోటార్‌ సైకిల్‌ తయారయ్యేటప్పుడు శబ్దం 80 డెసిబెల్స్‌ మించకూడదు. 90కి చేరితే ‘పదే కదా పెరిగింది’ అనుకోవద్దు. శబ్దశక్తి పది రెట్లవుతుంది. తెల్లవారుజామున మీరు ఊరికి బయల్దేరితే వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. గంటలకొద్దీ ఆ హోరు పక్కనే కూర్చునే మీ చెవులూ, వెనక సీట్లో మీ ఇంటావిడ చెవులూ దెబ్బతింటాయి.

చట్టమూ ఊరుకోదు. శబ్ద, కాలుష్య పరిమితులు దాటిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్‌ కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు మీద మూడు నెలల వేటు అదనం. పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు చూసే ఉంటారు.

కొనేముందు...

* బండి కంపెనీ ఆమోదించిన రకముంటే దానికే మొగ్గు చూపండి. లేదంటే వారంటీ సంగతి సర్వీస్‌ సెంటర్‌లో ముందే అడగండి.
* లోపల శబ్దం తగ్గించే ‘డీబీ కిల్లర్‌’ గొట్టం ఉంటే తీయించకండి. తీస్తేనే మజా అనే మాట వినకండి.
* సామాన్ల సంచులు తగిలించి చూడండి. వేడి డబ్బాకి ఆనితే సంచి కాలుతుంది. వెనక కూర్చునేవారి కాలికీ ఎడం ఉండాలి.
* అదే సైలెన్సర్‌ బిగించిన బండి ఎవరిదైనా దొరికితే, హైవే మీద మీరు మామూలుగా వెళ్లే వేగంలో ఓ గంట నడపండి. చెవుల్లో హోరు మిగిలితే వద్దనుకోండి.

ఒకవేళ మార్చినా పాతదాన్ని తుక్కుకి అమ్మేయకండి. గుడ్డ చుట్టి అటక మీద దాచండి. బండి అమ్మేటప్పుడో, మోజు తీరాకో మళ్లీ దాని అవసరం పడుతుంది.