జలుబుకు సీసా మందేనా?

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. మొదట వాళ్లకొచ్చింది పెద్ద రోగమేమీ కాదు. జలుబు, దగ్గు, జ్వరం. వాళ్లు తాగింది ‘కోల్డ్రిఫ్’ అనే సిరప్. తమిళనాడులో తయారైన ఆ మందును పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలిన్ గ్లైకాల్ ఉన్నట్టు తేలింది. 0.1 శాతం దాటకూడని విషం అది. మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2022లో గాంబియాలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా మన దేశపు సిరప్‌ల మీదే ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేసింది.

ఛింద్వాడా తల్లుల్ని తప్పుపట్టడానికి లేదు. డాక్టరు రాసిచ్చిన మందే చాలామంది తాగించారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పిందేమిటి? రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దని, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా అక్కర్లేదని. ముందు నీళ్లు, విశ్రాంతి చూడమని. అచ్చం మన అమ్మమ్మలు చెప్పే మాటే!

మిరియాల చారన్నం, వేడి గంజి, పెద్దవాళ్లకైతే శొంఠి కాఫీ, బుగ్గన కరక్కాయ ముక్క, ఉప్పునీళ్లతో పుక్కిలింత. ఇవేవీ వైరస్‌ను చంపవు. ఆ మాటకొస్తే యాంటీబయాటిక్ కూడా చంపదు. గొంతుకు హాయినిచ్చి, ఒంట్లోకి నీరు చేరుస్తాయి. మామూలు జలుబు ఆ వారం, పది రోజులూ గడవడానికి అది చాలు.

అలాగని ఇంటివైద్యమంతా మంచిదే అనుకోకూడదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని కూచోబెట్టి దుప్పటి కప్పితే ఒళ్లు కాలొచ్చు. పసివాళ్లకు కర్పూరం రాయొద్దు, ముక్కులో నూనె చుక్కలు వెయ్యొద్దు. బిడ్డ ఆయాసపడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మత్తుగా పడున్నా, మూత్రం తగ్గినా, జ్వరం మూడు రోజులు దాటినా చారు కాస్తూ కూచోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇవన్నీ తెలిసీ సిరప్ ఎందుకు కొంటున్నాం? చారు కాచి, బిడ్డ పక్కన నాలుగు రోజులు కూచోవాలంటే తీరిక కావాలి. తెల్లారితే అమ్మకు ఆఫీసు, పిల్లకు స్కూలు. రాత్రంతా పిల్ల దగ్గుతుంటే ‘ఇంకా మందు వెయ్యలేదా?’ అని ఇంటిల్లిపాదీ అడిగేది తల్లినే. ఆ భయమే ఆమెను మందుల షాపుకి పంపుతుంది.

మందులో విషం లేకుండా చూడాల్సింది కంపెనీ, ప్రభుత్వం. ఆ బరువు కూడా తల్లుల నెత్తిన పెట్టి, ‘ఇంట్లో కషాయం కాచుకోండమ్మా’ అని చేతులు దులుపుకుంటే కుదరదు. ఇక కషాయం మాటంటారా, అల్లం దంచడానికి, బిడ్డ పక్కన మేలుకోవడానికి, ఒకరోజు సెలవు పెట్టడానికి నాన్నలకూ చేతులున్నాయి. తల్లికే జలుబు చేసిన రోజున ఆ చారు కాచేదెవరో కూడా ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.