చందమామ ఫొటో తెల్లగా వస్తోందా?

మా అత్తగారికి చూపు తగ్గింది. అట్లతద్దినాడు చేజర్లలో మిద్దె ఎక్కి, "చంద్రుడేడమ్మా?" అన్నారు. పెద్దగా చూపిద్దామని మా అబ్బాయి కెమెరాకు 300 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి ఫొటో తీశాడు. వచ్చింది తెల్లటి అట్టు! మీ ఇంట్లోనూ ఇంతేనా?

తప్పు లెన్సుది కాదండీ. చుట్టూ చీకటి చూసి కెమెరా వెలుతురు ఎక్కువగా లాగేస్తుంది. చందమామ దీపం కాదు, ఎండలో ఉన్న రాతినేల. పట్టపగలు ఎండబెట్టిన వడియాలను తీసినట్టే తీయాలి.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టండి. ఐ.ఎస్.ఓ. 100, ఎపర్చర్ 8, షట్టర్ 1/125 సెకను. ఇంకా తెల్లగా ఉంటే 1/250. స్టాండు లేదా? పిట్టగోడ మీద బియ్యం పోసిన గుడ్డసంచి ఉంచి, దానిపై కెమెరా ఆనించండి. బటన్ నొక్కితే అదురుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్ వాడండి.

పున్నమికన్నా శుద్ధ అష్టమి మేలు. ఎండ ఏటవాలుగా పడి గుంటల నీడలు తెలుస్తాయి. వెలుగు తక్కువ కనుక షట్టర్ 1/60 పెట్టండి. దీపాలవేళకే పైన ఉంటాడు, వంటకు ముందే పని అయిపోతుంది.

మొన్న అష్టమి ఫొటోను టీవీలో పెట్టాం. "2023లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 దిగింది ఈ దక్షిణపు అంచు వైపే నాయనమ్మా" అన్నాడు వాడు. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు.