చలికి మస్టర్ పడదా?

రామగుండం అంటే లోకానికి ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటిందంటే మా ఊరి పేరు వార్తల్లోకి ఎక్కుతుంది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో షిఫ్టు వేళలు మారుస్తారు, మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు. అది జరగాల్సిందే. మరి అదే బాయిల మీద డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇగం పడుతుంటే అడిగే దిక్కేది?

"మన దగ్గర సలేందయ్యా, సలంటే ఢిల్లీల గాని" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా కడుపు రగిలిపోతుంది. కశ్మీరులో ఒంటి మీద ఫెరన్ అనే వదులు కోటు, దాని లోపల కాంగ్డీ అనే నిప్పుల బుట్ట ఉంటాయి. లద్దాఖ్‌లో మందపాటి మట్టిగోడల మధ్య పడుకుంటారు. అక్కడ చలికాలం వస్తుందని ఇంటికీ ఒంటికీ ముందే తెలుసు. మా గోదావరిఖనిలో గని కాంట్రాక్టు కార్మికుడి ఇల్లు రేకుల ఇల్లు. రాత్రి ఆ రేకు మంచుగడ్డలా తగులుతుంది, పొద్దున దాని లోపలి నుంచి నీటిబొట్లు రాలుతాయి. మన దేశంలో మరణాలను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం, విపరీతమైన ఎండ కంటే మామూలు చలితో ముడిపడిన చావులే ఎన్నో రెట్లు ఎక్కువని తేల్చింది. గడ్డకట్టే చలి అక్కర్లేదు, తట్టుకునే ఏర్పాటు లేకపోతే చాలు.

నైట్ షిఫ్టు రాత్రి 11కు ఎక్కి పొద్దున 7కు దిగుతుంది. అండర్‌గ్రౌండ్‌లో ఉక్క. చొక్కా పిండితే చెమట కారుతుంది. ఆ తడితోనే మనిషి పైకొస్తాడు. పైన పది డిగ్రీలు, కొన్ని పొద్దులు అంతకన్నా తక్కువ. తడిబట్ట మీద గాలి కొట్టగానే ఒంట్లో వేడంతా పోతుంది. అప్పటికే ఆ ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు దుమ్ము ఉంది. కార్మికుడు గని మీదనే స్నానం చేసి, పొడిబట్ట కట్టుకుని ఇంటికి పోవాలని 1959లోనే పిట్‌హెడ్ బాత్ నిబంధనలు రాశారు. ఆ స్నానానికి జనవరిలో వేడినీళ్లు కావాలని ఎవరైనా చెప్పాలా?

ఓపెన్‌కాస్టు కథ వేరు. చల్లగాలి బరువైనది, రాత్రిపూట పల్లానికి జారుతుంది. వందల అడుగుల లోతు క్వారీలో అది పొద్దెక్కేదాకా కదలదు. దుమ్ము లేవకుండా రోడ్డు మీద నీళ్లు చల్లుతారు. అయినా తెల్లవారుజామున పొగమంచు, దుమ్ము కలిసి ముందు పోయే డంపరు కనపడదు. ఆ వేళలో సిగ్నల్ ఇవ్వడానికి నిలబడ్డవాడి ఒంటి మీద ఏముంది? పల్చని రిఫ్లెక్టర్ జాకెట్. అది డ్రైవరుకు మనిషిని చూపిస్తుంది గానీ వెచ్చదనం ఇవ్వదు.

నేను చూసిన ఒక గని గేటు దగ్గర, పొద్దుగాల మస్టర్ (హాజరు) కోసం ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఊడ్చేవాళ్లు, బెల్టు మీద బొగ్గులోంచి రాళ్లు ఏరేవాళ్లు. కొంగు తల చుట్టూ కప్పుకుని, పాత టైరు ముక్క అంటించి చలి కాగుతున్నారు. నల్లటి పొగ వాళ్ల మొహాల మీదికే వస్తోంది. లోపల టన్నుల కొద్దీ బొగ్గు, గేటు బయట టైరు ముక్క. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ ఉన్న ఊరిది. ఇక్కడి కరెంటు దక్షిణాది రాష్ట్రాలకు పోతుంది. గేటు దగ్గర ఒక షెడ్డు, ఒక వేడినీళ్ల డ్రమ్ము పెట్టడానికి మాత్రం బడ్జెట్ దొరకదా?

గనిలో యాభై మందికి మించి పనిచేస్తే, గని ముఖాల దగ్గర, ఓపెన్‌కాస్టు పనిచోట్ల కూర్చుని తినడానికి, సేదతీరడానికి షెల్టర్లు ఉండాలని 1955 నాటి గనుల నియమావళే చెప్పింది. గనుల చట్టం కాంట్రాక్టు కార్మికుణ్ణి కూడా గని కార్మికుడిగానే చూసింది. "అది కాంట్రాక్టరు చూసుకోవాలి" అని తప్పించుకునే దారి చట్టంలో లేదు. ఆఫీసు గదుల్లో మాత్రం ఆ మాటే నడుస్తోంది.

2024 సెప్టెంబరులో ఈ గనులు నడిపే సింగరేణి సంస్థ లాభాల వాటా ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికుడికి 5,000, అదీ చరిత్రలో తొలిసారి. పర్మినెంట్ అన్నదమ్ముల వాటా మీద నాకు ఏ పేచీ లేదు, వాళ్ల చెమట అది. కానీ ఆ లాభం ఇగంలో తడిసినవాళ్లది కూడా కదా! ఐదు వేలలో ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు, రగ్గులు కొనగా మిగిలేదెంత?

అందుకే ఏరుకొచ్చిన బొగ్గుతో కుంపటి రాజేసి గదిలోకి తెచ్చుకుంటారు. పసిపిల్లకు చలి పెడుతుందని తలుపు మూస్తారు. ఆ కుంపటి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. బాయి లోపల దాన్ని కొలవడానికి పరికరముంది, హెచ్చరించడానికి మనిషి ఉన్నాడు. కార్మికుడి ఇంట్లో ఎవరున్నారు? ఆ కుంపటి గురించి కాలనీల్లో మైకు పట్టుకుని చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

చలిగాలులు మన దేశంలో ప్రకటిత విపత్తుల జాబితాలో ఎప్పుడో ఉన్నాయి. తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది 2025లో. అంటే కాగితం మీద ఎండ కంటే చలే ముందు విపత్తు. చలికి చనిపోయినవాడి ఇంటికి పరిహారం హక్కుగా రావాలి. కానీ తెల్లారేసరికి రైల్వేస్టేషను దగ్గరో బస్టాండులోనో కట్టెలా బిగుసుకుపోయిన ముసలాయనకు "అనారోగ్యం" అని రాసేస్తే ఆ హక్కు అక్కడే ముగిసిపోతుంది.

కార్మిక సంఘాల నాయకులారా, ఎన్నికలప్పుడు గేట్ మీటింగులు పెట్టే మీరే ఈ మాట కూడా గేటు ముందు ఎత్తండి. వేడినీళ్లు, షెడ్డు, ఉన్ని కోటు టెండరు కాగితంలోనే రాయించండి. కాంట్రాక్టరు బిల్లుల మీద సంతకం పెట్టే అధికారులారా, అవి ఇచ్చారో లేదో కార్మికుణ్ణి అడిగాకే సంతకం పెట్టండి. ఈ చలికాలం ముగిశాక కాదు, ఈ వారమే.