బారికేడ్ మీద సంతకం ఎవరిది?

మద్దతు ధరకు చట్టం చేయాల్సింది ఢిల్లీ. అడగడానికి బయలుదేరింది పంజాబ్ రైతు. దారిలో అడ్డుకున్నది హర్యానా పోలీసు. 2024 ఫిబ్రవరి 13న శంభు సరిహద్దులో జరిగింది ఇదే.

జాతీయ రహదారికి అడ్డంగా సిమెంటు దిమ్మెలు పేర్చారు, మేకులు దిగ్గొట్టారు, ముళ్లతీగ చుట్టారు. హర్యానా డ్రోన్లు పంజాబ్ నేల మీదికి వచ్చి రైతుల నెత్తిన బాష్పవాయువు వదిలాయి. మా హద్దులోకి డ్రోన్లు పంపొద్దని పటియాలా జిల్లా అధికారులు అంబాలా అధికారులకు అభ్యంతరం తెలపాల్సి వచ్చింది. ఒకే దేశంలోని పక్కపక్క జిల్లాల సంగతి ఇది!

అదే నెల 21న ఖనౌరీ దగ్గర బఠిండా జిల్లా యువ రైతు ఒకరు తలకు గాయమై చనిపోయాడు. కేసు పెడితేనే పోస్టుమార్టం అని కుటుంబం పట్టుబట్టింది. వారం రోజులు శవం మార్చురీలోనే ఉంది. చివరికి పంజాబ్ పోలీసులు ఎఫ్ఐఆర్ రాశారు, ఘటనా స్థలం హర్యానా అని. నిందితులు గుర్తు తెలియని వ్యక్తులట. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఏ ప్రభుత్వం గడప తొక్కాలి?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితాలో పోలీసు రెండో అంశం, వ్యవసాయం పద్నాలుగోది. రెండూ రాష్ట్రాలవే. కానీ ధర, ఎగుమతి, దిగుమతి సుంకం తేల్చేది కేంద్రం. అడగబోతే లాఠీ రాష్ట్రానిది. అది శాంతిభద్రతల సమస్య, రాష్ట్రం చూసుకుంటుందని కేంద్రం అంటుంది. మీ డిమాండు కేంద్రానిది, మేమేం చేస్తామని రాష్ట్రం అంటుంది.

పంజాబ్ ప్రభుత్వమైనా చివరిదాకా రైతు పక్కన నిలబడిందా? 2025 మార్చి 19న చండీగఢ్‌లో కేంద్ర మంత్రులతో చర్చలు ముగించుకుని వస్తున్న నాయకులను అదుపులోకి తీసుకున్నది పంజాబ్ పోలీసులే. ఆ రాత్రి శంభు, ఖనౌరీ శిబిరాలను బుల్డోజర్లతో కూల్చిందీ వాళ్లే. డ్రోన్లు వచ్చినప్పుడు గుర్తుకొచ్చిన హద్దు ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదు.

మన దగ్గరా అంతే. 2017లో ఖమ్మం మిర్చి రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లింది తెలంగాణ పోలీసు. 2020లో అమరావతి ప్రాంతం కృష్ణాయపాలెం రైతులకు బేడీలు వేసింది ఆంధ్రప్రదేశ్ పోలీసు. ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు.

అయితే పోలీసును కేంద్రానికి అప్పగిద్దామా? వద్దనే మా మాట. 2021 అక్టోబరులో పంజాబ్‌లో సరిహద్దు భద్రతా దళం పరిధిని 15 కిలోమీటర్ల నుంచి 50 కిలోమీటర్లకు పెంచారు. ఆ పట్టీలో పొలమున్న రైతును సోదా చేసేవాడు రాష్ట్ర ప్రభుత్వానికి జవాబు చెప్పడు. ఖమ్మంలోనూ, కృష్ణాయపాలెంలోనూ బేడీల ఫొటోలు బయటికొచ్చి గోల చేశాకే కొందరిని సస్పెండ్ చేశారు. కింది వాళ్లనే చేశారు, అది వేరే కథ. కానీ ఆ గోల వినాల్సిన ప్రభుత్వం మన ఓటు దూరంలో ఉంది కాబట్టే ఆ మాత్రమైనా కదిలింది.

చిక్కంతా కాగితం దగ్గరే ఉంది. ‘చలో’ అని పిలుపు ఇవ్వగానే తెల్లవారుజామున నాలుగింటికి తలుపు కొడతారు. ఈ సంపాదకీయం రాస్తున్నవాడి ఇంటి తలుపూ చాలాసార్లు కొట్టారు. ‘మీరు కదలకూడదు, పైనుంచి ఆర్డరు’ అంటారు. పైన అంటే ఎస్పీనా, హోంమంత్రా, ఢిల్లీనా? అడిగితే నవ్వుతారు. పాపం, టీ తాగి వాకిట్లో కూర్చునే ఆ కానిస్టేబుల్‌కీ తెలియదు. ఒక్కోసారి పాత 149 నోటీసు, ఇప్పటి కొత్త చట్టంలో 168, చేతిలో పెడతారు. చాలాసార్లు అదీ ఉండదు.

అందుకే యూనియన్ మండల కమిటీలన్నింటికీ ఒక పని. ఇకపై ఎవరిని ఇంట్లో ఆపినా, దారిలో ఆపినా, రాతపూర్వక ఉత్తర్వు అడగండి. ఇస్తే నకలు జిల్లా కార్యాలయానికి పంపండి. ఇవ్వకపోతే తేదీ, సమయం, వచ్చినవారి పేరు, హోదా, వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో పంపండి. జిల్లా కార్యాలయంలో ఇందుకోసం వేరే ఫైలు తెరిచాం.