మూడో చక్రం మీద చిన్నచూపు

"మూడు చక్రాలుంటే అది మోటారుసైకిలెలా అవుతుంది?" అని అమెరికాలోని నా ద్విచక్ర మిత్రులు ఎద్దేవా చేస్తుంటారు. కాదు, కానక్కరలేదు అన్నది నా అభిప్రాయం.

కెనడా సంస్థ బీఆర్‌పీ 2007లో తెచ్చిన కాన్-యామ్ స్పైడర్‌కు ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి. మన ఆటోకు సరిగ్గా తలకిందులన్నమాట. రెండు చక్రాల బండి వేగంలో కుడికి తిరగాలంటే కుడి పిడిని ముందుకు నెట్టాలి. దీనికి హ్యాండిల్‌ను కుడికే తిప్పాలి. ఏళ్లతరబడి చేతులకు అబ్బిన విద్యను చేతులే మరవాలి. బండి వాలదు గనుక మలుపులో మన దేహం బయటికి తూలుతుంది. నడుము బిగించి లోపలికి ఒరగాలి. ఇక గుంత సంగతి. ముందు చక్రాల నడుమ దాన్ని తప్పించామని సంతోషించేలోగా వెనుక చక్రం నిక్షేపంగా అందులో దిగుతుంది! ఇది ముసలివారి సుఖాసనమనేవారు ఒక్క పూట నడిపి చూడాలి.

శస్త్రచికిత్స తరువాత నా మోకాలు సిగ్నలు దగ్గర బరువైన బండిని నిలపలేదు. ఇదే లేకుంటే నాకు స్వారీయే లేదు. మా బృందంలో ఇటువంటివారు మరికొందరున్నారు.

అయితే మావాళ్లతోనూ నాకొక పేచీ ఉంది. "ఇది పడదు, క్షేమం" అని కొత్తవారికి నూరిపోస్తారు. ఆగినప్పుడు పడదు, నిజమే. గుద్దే కారు మన చక్రాలు లెక్కపెట్టదు కదా! శిరస్త్రాణం లేనివారితో స్వారీకి రానని తెగేసి చెప్పాను. కొందరికి కోపం వచ్చింది.